ఎవరికి ఎవరు వదిన

హాస్టల్, వీధివైపు గది

అక్కకి,

నీ ఉత్తరం నిన్న సాయంత్రం వచ్చింది. మెట్లెక్కుతూనే కవరు చింపాను. రెండో అంతస్తు చేరేసరికి చదవడం అయిపోయింది, మూడో అంతస్తు చేరేసరికి మళ్ళీ మొదటి నుంచి చదువుతున్నాను. శనాదివారాలు గడపడానికి గుమ్మడిగాణ్ణి ఎత్తుకుని విమానంలో నా దగ్గరికి వస్తానని, ఇంట్లో ఉప్పు అయిపోయిందని రాసినంత మామూలుగా రాస్తావా? నా మొహం చూసి మా గదిలో అమ్మాయి "ఏమైంది, పాసయ్యావా?" అని అడిగింది. దానికంటే పెద్దదే అన్నాను.

పాత ఇంటి బాల్కనీలో కుర్చీలు వరసగా వేసి మనం నడిపిన విమానం గుర్తుందా? కిటికీ సీటు ఎప్పుడూ నాదే. నడిపేదీ నువ్వే, బిస్కెట్లు పంచేదీ నువ్వే. తువ్వాలు నా నడుముకి బిగించి "అమ్మా, బెల్టు పెట్టుకోండి, తర్వాత పడితే బాధ్యత మాది కాదు" అనేదానివి. నిజం విమానం ఎక్కే రోజొస్తే ముందు మనిద్దరమే ఎక్కుదామని ఒట్టు కూడా వేశావు. ఆ ఒట్టు సగమే నిలబెడుతున్నావు, ఎందుకంటే నువ్వు పైన ఉంటావు, నేను కింద ఎదురుచూస్తూ ఉంటాను. అయినా క్షమించాను.

టికెట్ల సంగతి నాకొదిలెయ్. నేను సాయంత్రాలు పనిచేసేది టికెట్ల షాపులోనే కదా, ఈ మాత్రం దానికి పనికిరాకపోతే ఇంకెందుకు? మా యజమానురాల్ని అడిగాను. "శనివారం పొద్దున్న విమానమా? సగం ఖాళీగా ఎగురుతుంది, మీ అక్కని కాళ్ళు బార్లా చాపుకుని పడుకోమను" అంది. రెండేళ్ళు నిండని పిల్లలకి వేరే సీటు ఉండదు, ఒళ్ళోనే. కాబట్టి నీకొక్క టికెట్ చాలు. బావకి డిపోలో వారాంతాల్లోనే బస్సుల రిపేర్లు ఎక్కువని రాశావుగా, ఆయన రారు. అంటే నువ్వూ, నేనూ, గుమ్మడీ. ఇంకెవరూ లేరు. ఈ వాక్యం రాసి ఒకసారి చదువుకున్నాను, చాలా బాగుంది.

ఇంకో మాట. గుమ్మడి పుట్టాక నీ చేతిరాత మారిపోయింది. ఇదివరకు నీ అక్షరాలు బస్సు వెళ్ళిపోతున్నట్టు పరిగెత్తేవి. ఇప్పుడు గుండ్రంగా, ఒక్కోటీ విడిగా, ఫొటోకి నిలబడ్డట్టు ఉంటున్నాయి. ఫోన్లో గుమ్మడి ఏడుపు తప్ప ఏమీ వినపడదు, చేత్తో ఉత్తరాలు రాసుకుందాం అని పట్టుబట్టింది నేనే. దాన్ని నువ్వు ఇంత శ్రద్ధగా పాటిస్తావని అనుకోలేదు.

నీ ఉడత

*

ఇల్లు, ఉయ్యాల పక్కన

నా బంగారు ఉడతకి,

చేతిరాత గురించి అడిగావు. కుట్టు కార్ఖానాకి సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాను కదా, తీరిక దొరికింది. అంతే.

గుమ్మడికి కింద రెండు పళ్ళు వచ్చాయి. కనపడినదాన్నల్లా కొరుకుతున్నాడు. మీ బావ భుజం మీద రెండు చుక్కలు పడ్డాయి. డిపోలో అందరికీ చొక్కా పక్కకి జరిపి చూపిస్తున్నారట, యుద్ధంలో తగిలిన గాయంలా.

ప్రయాణం గురించి ఒక సంగతి చెప్పాలి. నాతోపాటు మా మరదలు కూడా వస్తుంది. కాబట్టి టికెట్లు రెండు కావాలి. గది మాత్రం ఒక్కటే చాలు, అందరం సర్దుకుందాం. గుమ్మడి ఎత్తయిన మంచం మీద దొర్లుతున్నాడు, పరుపు నేల మీద వేసుకోవచ్చేమో అడుగు. పాలసీసా మరిగించుకోవడానికి వేడినీళ్ళు దొరికే చోటు చూడు. మెట్లు తక్కువుంటే మంచిది.

నువ్వు బాగా తింటున్నావా? పోయిన ఉత్తరంలో తిండి గురించి ఒక్క ముక్క లేదు. తిండి గురించి రాయకపోతే తినడం లేదని అర్థం, నాకు తెలియదనుకోకు.

నీ అక్క

*

హాస్టల్, వీధివైపు గది

అక్కకి,

తింటున్నాను. తిండి గురించి రాశాను, సరేనా.

ఇప్పుడు అసలు విషయం. ఆవిడగారు ఎందుకు? నీ ఆడపడుచు సంగతే అంటున్నాను. నువ్వు "మా మరదలు" అని ముద్దుగా రాస్తావు, నేను ఏమని పిలవాలో మీ పెళ్ళిరోజే తేలలేదు. గుర్తుందిగా. ఫొటోగ్రాఫర్ "అమ్మాయిలిద్దరూ దగ్గరగా జరగండి" అంటుంటే, "నేనే పెద్ద, నన్ను వదినా అని పిలవాలి" అని ఆవిడ. "నేనే పెద్ద, నువ్వే పిలువు" అని నేను. ఎవరం తగ్గలేదు. ఆ ఫొటోలో ఇద్దరం చెరో వైపు చూస్తుంటాం. అప్పటినుంచి నేను ఆవిణ్ణి ఏమీ పిలవలేదు, ఆవిడా నన్నేమీ పిలవలేదు. ఇద్దరికీ హాయిగానే ఉంది.

గుమ్మడి పుట్టినప్పుడు పరీక్షలని నన్ను రావద్దన్నావు. పరీక్షలయ్యాక వస్తానంటే "ఇప్పుడు ఇల్లు ఇరుకు, తను ఉంటోంది" అన్నావు. నా గుమ్మడికి తొలిసారి స్నానం చేయించింది ఆవిడ. పళ్ళొచ్చాయని ముందు చూసింది ఆవిడ. పోయిన నెల ఫోన్ చేసినప్పుడు వెనకనుంచి పాట వినపడింది. "ఉడత తోక దుప్పటి, ఊగే కొమ్మ మంచము." అది నా పాటక్కా. నాకు జ్వరం వచ్చినప్పుడు నువ్వు నాకోసం కట్టిన పాట. అమ్మ రాత్రి షిఫ్టుకి వెళ్ళినప్పుడు దాన్ని వింటూనే పడుకునేదాన్ని. దాన్ని ఆవిడ గొంతులో విన్నాను. ఫోన్ పెట్టేశాను.

నువ్వు నన్ను చూడ్డానికి వచ్చే రెండు రోజుల్లో కూడా ఆవిడ ఉండాలా? బిడ్డని నేను ఎత్తుకోలేనా? నాకూ రెండు చేతులున్నాయి. ఆవిడకి ఆ బోర్డులు రాసే షాపులో పని లేదా? కొట్లకి ధరల అట్టలు రాసుకుంటూ ఉండొచ్చుగా. కిలో ఇంత, డజను ఇంత అని రాసే చేతికి నా గుమ్మడి జోల ఎందుకు? నీ ఉత్తరాలు ఒకసారి చూపించు ఆవిడకి, అందమైన రాత అంటే ఏమిటో తెలుస్తుంది.

మా అనువాదం క్లాసులో మేడం ఈ వారం రెండు మాటలు చెప్పారు. ఎదుటివాళ్ళకి ఉన్నది చూసి ఓర్చుకోలేకపోతే ఈర్ష్య అట. వాళ్ళలో ఉన్న మంచిని కూడా తప్పుగా చూపిస్తే అసూయ అట. నోట్సులో రాసుకుని కింద గీత గీశాను. నాకు ఈ రెండూ లేవు. నాకున్నది న్యాయమైన ప్రశ్న. ఆవిడ ఎందుకు?

ఉడత

*

ఇల్లు, కిటికీ దగ్గర

నా బంగారు ఉడతకి,

నువ్వు గీత గీసుకున్న ఆ రెండు మాటల్నీ కలిపి మనింట్లో కుళ్ళు అంటాం. చిన్నప్పుడు పక్కింటి పాపకి జడ వేశానని నువ్వు రెండు రోజులు తల దువ్వించుకోలేదు. ఆ చిక్కులు తియ్యడానికి నాకు మూడో రోజంతా పట్టింది.

నువ్వు అడిగినదానికి ఒక్కటే చెప్తాను. తను లేకపోతే నేను రాలేను. ఎందుకని అడక్కు. చదువుకునే పిల్లవి, చదువుకో. నీ మీద ప్రేమ తగ్గి మాత్రం కాదు. నువ్వు రాసినవి మనసులో పెట్టుకోలేదు. తన ముందు మాత్రం అలా మాట్లాడకు, తనకీ మనసుంటుంది.

విమానంలో మేమిద్దరం పక్కపక్కనే కూర్చునేలా చూడు. ఇది కుదిరితే చూడమని కాదు, తప్పకుండా చూడమని. కిటికీ లేకపోయినా ఫరవాలేదు. పక్కపక్కన ఉంటే చాలు.

గుమ్మడి ఇప్పుడు నా గొంతు విని నవ్వుతున్నాడు. నీ ఫొటో చూపిస్తే ఫొటో కొరికాడు. మంచి గుర్తే అనుకో.

నీ అక్క

*

టికెట్ల షాపు, కట్టేసే వేళ

అక్కకి,

టికెట్లు తీశాను. శనివారం పొద్దున్న రాక, ఆదివారం సాయంత్రం పోక. రెండిటి నకళ్ళూ ఇందులో పెట్టాను.

నీకు ముందువైపు, కిటికీ పక్కన. ఆవిడగారికి చిట్టచివరి వరసలో దొరికింది, బాత్రూం తలుపుకి ఆనుకుని. చాలా ప్రయత్నించాను. విమానం నిండిపోయింది, పక్కపక్కన రెండు సీట్లు ఎక్కడా లేవు. ఏం చేస్తాం.

గది కూడా కుదిరింది. నిజానికి రెండు గదులు. మన ముగ్గురికీ కింద పెద్దది, నేల మీద పరుపు వేస్తామన్నారు. ఆవిడగారికి పైన చిన్నది, గాలి బాగా వస్తుందట.

ఇక గుమ్మడి గురించి. మా యజమానురాల్ని, మా హాస్టల్ వార్డెన్‌ని, షాపుకి వచ్చిన ముగ్గురు తల్లుల్ని అడిగి తెలుసుకున్నాను, జాగ్రత్తగా చదువు. విమానం పైకి లేచేటప్పుడు, మళ్ళీ దిగేటప్పుడు పసిపిల్లలకి చెవులు బిగుసుకుని నొప్పెడతాయి. సరిగ్గా ఆ రెండుసార్లూ పాలు పట్టాలి. గుటక వేస్తుంటే చెవులు తెరుచుకుంటాయి. ఎడమవైపు తాగడం అయిపోతే వెంటనే కుడివైపు మార్చు, మధ్యలో ఆపకు. వాడికి చిన్న బెల్టు ఇస్తారు, అది నీ బెల్టుకి తగిలించాలి. తోపుడుబండి విమానం తలుపు దాకా తీసుకెళ్ళొచ్చు, అక్కడ మడిచి ఇచ్చేస్తే దిగగానే తెచ్చి ఇస్తారు. బట్టలు వాడికి మూడు జతలు, నీకు కూడా ఒక జత చేతిసంచిలో పెట్టుకో. వాడు కక్కితే తడిసేది నువ్వే.

శనివారం మధ్యాహ్నం నది ఒడ్డున బల్లల మీద కూర్చుందాం. నేను చదువుకునే లైబ్రరీ చూపిస్తాను, లోపల చప్పుడు చేస్తే ఊరుకోరు కాబట్టి గుమ్మడిని ఆవిడగారు బయట ఆడిస్తారు. ఆదివారం పొద్దున్న పాత వీధుల్లో నడుద్దాం. అన్నీ అనుకున్నాను. నువ్వు వచ్చెయ్యడమే తరువాయి.

నీ ఉడత

*

ఇల్లు

నా బంగారు ఉడతకి,

ఈసారికి వద్దులే. గుమ్మడికి కొంచెం జలుబు చేసింది. టికెట్లు వెనక్కి ఇచ్చెయ్. నువ్వు చాలా కష్టపడి అన్నీ కుదిర్చావు, నాకు తెలుసు. ఏమనుకోకు.

వాడు కాస్త పెద్దయ్యాక వస్తాను. నడక వచ్చాక.

నీ అక్క

*

హాస్టల్, వీధివైపు గది

అక్కకి,

జలుబా. ప్రయాణం ఇంకా మూడు వారాలుంది. మూడు వారాలుండే జలుబు ఏమిటో మా వార్డెన్‌కి కూడా తెలియదట.

ఆవిడగారే ఆపింది కదూ. బాత్రూం పక్కన సీటు వచ్చిందని అలిగింది. ఆవిడ అలిగితే నువ్వు ఆగిపోయావు. నేను అలిగితే చిక్కులు తీసేదానివి, ఇప్పుడు ఆవిడ చిక్కులు తీస్తున్నావు.

వాడికి నడక వచ్చేదాకా ఆగమన్నావు. వాడు నడిచే మొదటి అడుగు కూడా ఆవిడే చూస్తుందిలే. నాకు తర్వాత గుండ్రటి అక్షరాల్లో రాసి పంపు.

టికెట్లు ఇంకా వెనక్కివ్వలేదు. ఎందుకివ్వలేదో నాకే తెలియదు.

ఉడత

*

బోర్డుల షాపు, రంగుడబ్బాల గది

ఉడతకి,

ఇంకేమని మొదలుపెట్టాలో మనిద్దరికీ తేలలేదు కాబట్టి ఇలాగే రాస్తున్నాను.

కవరు మీద రాత చూసి మీ అక్క రాసిందనుకుని ఉంటావు. కాదు. గుమ్మడికి నెల నిండినప్పటినుంచీ నీకు వచ్చిన ప్రతి ఉత్తరం ఈ చేత్తో రాసిందే. చెప్పింది మా వదిన, రాసింది నేను. నావి ధరల అట్టలు రాసే అక్షరాలు, దూరం నుంచి కూడా చదవగలిగేలా గుండ్రంగా రాయడం మా షాపులో నేర్పుతారు. పరిగెత్తే రాత నాకు రాదు. ఇంతవరకు నేను ఒక్క మాట కలపలేదు, ఒక్క మాట తియ్యలేదు. ఈ ఉత్తరం ఒక్కటే నా సొంతం. వదినకి తెలియదు.

వదిన కుడిచెయ్యి పనిచెయ్యడం లేదు. ఇన్నేళ్ళూ కార్ఖానాలో పెద్ద కత్తెరతో మందపాటి గుడ్డ కత్తిరించిన చెయ్యి. దానిమీద గుమ్మడి బరువు పడింది. బొటనవేలి మొదట్లో నరం వాచిపోయిందని డాక్టరు చెప్పాడు. మోచేతి దాకా పట్టీ వేశారు. పాలసీసా మూత తియ్యలేదు, దువ్వెన పట్టుకోలేదు, కవరు చింపలేదు. బిడ్డని పడుకోబెట్టిన చోటు నుంచి ఒంటిచేత్తో లేపలేదు. నీ కవర్లు చింపేది నేనే. కాబట్టి కిలో ఇంత, డజను ఇంత అన్నది నేను చదివాను. ఆ మాటకి జవాబు కూడా నేనే రాశాను. "తనకీ మనసుంటుంది" అని వదిన చెప్పినప్పుడు కలం కాసేపు ఆపాను. నా గురించి నేనే అలా రాసుకోవడం సిగ్గుగా అనిపించింది.

నీకు ఎందుకు చెప్పలేదంటే, చెప్తే చదువు మానేసి బస్సెక్కి వచ్చేస్తావని. "దాన్ని నేనే పెంచాను, నాకు తెలుసు" అంటుంది. కత్తెర మళ్ళీ పట్టగలనో లేదో అని కూడా దిగులు పడుతోంది, ఆ దిగులు ఎవరికీ చూపించదు. ఉత్తరాలు ఆపితే నీకు అనుమానం వస్తుందని నా చేత రాయిస్తోంది.

ఇప్పుడు సీట్ల సంగతి. శనివారం విమానం సగం ఖాళీగా ఎగురుతుందని నువ్వే రాశావు. తర్వాతి ఉత్తరంలో నిండిపోయింది అన్నావు. రెండు ఉత్తరాలూ నేనే తెరిచాను, రెండూ వదిన చదివింది. నవ్వింది. "దాని బుద్ధి అంతే, పోనీలే, నువ్వు వెనక కూర్చో" అంది. కానీ ఆ కింద నువ్వు రాసిన జాగ్రత్తలు చదివి నవ్వు ఆపేసింది. విమానం లేచేటప్పుడూ దిగేటప్పుడూ పాలు పట్టాలి అన్నావు. ఎడమ నుంచి కుడికి మార్చాలి అన్నావు. ఆ రెండుసార్లే బెల్టు దీపం వెలుగుతుందట, ఎవరూ లేవకూడదట. చివరి వరసలో బెల్టు కట్టుకుని నేను, ముందు వరసలో ఒంటిచేత్తో తను. వాణ్ణి అటునుంచి ఇటు ఎవరు మారుస్తారు? పక్కనున్న ఎవరినో అడగొచ్చు. అడిగే మనిషి కాదని నీకు తెలుసు. అందుకే జలుబు.

మీ పాట గురించి. నేను దొంగిలించలేదు. వదిన రెండు చేతులతో ఊపలేక, నేను ఊపుతుంటే తను పాడేది. వినీ వినీ నాకు వచ్చేసింది. ఉడత అనేచోట గుమ్మడి అని పెడదామని నేనోసారి అన్నాను. కుదరదంది. "ఇది ఉడత పాట. ఎవరి కోసం పాడినా అందులో ఉడతే ఉండాలి" అంది. ఇప్పుడు రోజూ నేను నీ పేరు పాడి నా మేనల్లుణ్ణి పడుకోబెడుతున్నాను.

కుళ్ళు నీకొక్కదానికే ఉందనుకోకు. నాకూ ఉంది, నీకంటే ఎక్కువే. ప్రతి ఉత్తరం మొదట్లో "నా బంగారు ఉడతకి" అని రాస్తాను. చక్కగా, గుండ్రంగా. నాకు ఇంతవరకు ఎవరూ ఉత్తరం రాయలేదు. ఈ ఇంట్లో గిన్నె కడిగినా, దుప్పటి మడిచినా నీ కథే. ఉడత ఇలా చేసేది, ఉడత ఇలా అనేది. ఆరు నెలల నుంచి నేను ఆ చెయ్యిగా ఉన్నాను. చేతిని ఎవరైనా బంగారం అంటారా?

ఒక మాట అడుగుతాను. నేను వస్తేనే నీకు కష్టమైతే రాను. నువ్వే ఇక్కడికి రా, వదిన పక్కన కూర్చుని నీ ఊరికి తీసుకెళ్ళు. మీ బాల్కనీ విమానం గురించి నాకు తెలుసు, నీ ఉత్తరంలోనే చదివాను. మీరిద్దరూ కలిసి ఎక్కాలనే కదా నీ కోరిక. నేను మీ బావకి, అదే మా అన్నయ్యకి, ఇంట్లో తోడుంటాను. కానీ ఎవరివో ఒకరివి రెండు చేతులు వదిన పక్కన ఉండాలి. తను రావాలి. ఈ గదుల్లో ఉండి ఉండి తన మొహం చిన్నదైపోయింది. నిన్ను చూస్తే తప్ప మామూలు కాదు.

తొందరగా చెప్పు. షాపు చిరునామాకి రాయి.

ఏమని సంతకం పెట్టాలో తెలియక ఇంతటితో ఆపుతున్నాను.

*

టికెట్ల షాపు, ఇంకా తెరవని వేళ

వదినకి,

ఈ మాట రాయడానికి మూడు కాగితాలు చింపాను. అక్క పెళ్ళి ఫొటో రోజు నా సంచిలో జనన ధ్రువపత్రం ఉంది, అవసరమైతే చూపిద్దామని తెచ్చుకున్నాను. నేనే నెలన్నర పెద్ద. ఆ కాగితం ఇంకెప్పుడూ బయటికి తియ్యను. నువ్వే వదినవి.

నీ ఉత్తరం వచ్చి నాలుగు రోజులైంది. మొదటి రోజు నీ మీద కోపం వచ్చింది. రెండో రోజు అక్క మీద. మూడో రోజు అక్క ఉత్తరాలన్నీ మంచం మీద పరుచుకుని కూర్చున్నాను. ఇవి అక్క రాసిన అక్షరాలని ఎన్నిసార్లు వేలితో తడిమానో. గుండ్రంగా నిలబడి ఉన్నాయి, ఒక్కోటీ నీది. నాకు ఈర్ష్యా ఉంది, అసూయా ఉంది. మా మేడం ముందు చెయ్యెత్తి ఉదాహరణగా నన్ను చూపించుకోవచ్చు.

నువ్వు అడిగినదానికి జవాబు. నాలుగు రోజులూ అదే ఆలోచించాను. అక్క పక్కన కూర్చుని ఆకాశంలో ఎగరడం నా చిన్నప్పటి కోరిక. నువ్వు దాన్ని తీసి నా చేతిలో పెట్టావు. పుచ్చుకోవాలని చాలా ఉంది. కానీ గుమ్మడి నన్ను ఫొటోలో తప్ప చూడలేదు. చెవులు నొప్పెడుతున్నప్పుడు వాడికి కొత్త చేతులు కాదు కావలసింది. వాణ్ణి ఏ వైపు నుంచి ఎత్తాలో, ఎలా మార్చాలో నీకు తెలుసు. నువ్వే రావాలి.

సీట్లు మార్చాను. విమానం సగం ఖాళీగానే ఉంది, ఎప్పుడూ అలాగే ఉంటుంది. అక్కకి బాగాలేనిది కుడిచెయ్యి కాబట్టి నువ్వు తనకి కుడివైపు ఉండాలి. అందుకని విమానంలో కుడిపక్క వరస తీసుకున్నాను. అక్కకి మధ్య సీటు, నీకు కుడివైపు చివరిది. అది కిటికీ సీటు. అలా కుదిరింది, నేను మార్చలేదు. మేఘాలు దగ్గరగా ఎలా ఉంటాయో చూసి నాకు చెప్పు. అక్కకి ఎడమవైపు సీటు ఖాళీగా ఉంచమని మా యజమానురాలి చేత చెప్పించాను, సంచి పెట్టుకోండి.

పైన గాలి వచ్చే గది వద్దని చెప్పేశాను. అందరికీ ఒకటే గది. నేల మీద రెండు పరుపులు వేస్తారు.

అక్క చేత జలుబు తగ్గిందని చెప్పించు. నేను బస్సెక్కి రాను. చదువుకుంటాను. కానీ ఇకమీదట నీ చేత అబద్ధాలు రాయించొద్దని చెప్పు. లేదంటే నువ్వు చెప్పొద్దులే, వచ్చాక నేనే చెప్తాను.

ఈ ఉత్తరం అక్కకి చదివి వినిపించక్కర్లేదు. ఇది నీకు రాసింది. పైన మొదటి మాట చూడు, నీదే.

ఉడత

*

ఇల్లు, ఎవరూ లేనప్పుడు

ఉడతకి,

బంగారు అని రాయలేదు. ఎడమచేత్తో రాస్తున్నా, అక్షరాలు తగ్గించాలి. కోపం కూడా ఉంది.

నా వంకర గీతలు చదవగలుగుతావనుకుంటా. ఇది మా మరదలి చేత రాయించే ఉత్తరం కాదు.

మీ ఊరికి వచ్చేటప్పుడు విమానంలో ఆమె ముక్కు అద్దానికి అంటించి కూర్చుంది. "వదినా, అదిగో నది, అదిగో వంతెన" అంటూనే ఉంది. నాకు ఆమె తల తప్ప ఏమీ కనపడలేదు. గుమ్మడి పాలు తాగి హాయిగా నిద్రపోయాడు, ఆ మాట ఒప్పుకోవాలి.

బయటికి రాగానే మీరిద్దరూ పిల్లుల్లా ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. ఇక ఈ రెండు రోజులూ నేను మధ్యవర్తినే అనుకున్నాను. నువ్వు నా చేతికున్న పట్టీ చూసి ఏడ్చావు, బాగానే ఉంది. సాయంత్రానికి ఏమైంది? "వదినా, ఆ బోర్డు చూడు", "వదినా, ఈ అక్షరం ఎలా రాశారు". ఆదివారం పాత వీధుల్లో నడుద్దామని నాకు రాసింది నువ్వు. నడిచింది మీరిద్దరూ. నన్నూ గుమ్మడినీ పార్కులో బల్ల మీద కూర్చోబెట్టి, ఇప్పుడే వస్తామని వెళ్ళి, కొట్ల బోర్డులన్నీ చదువుకుంటూ ఎప్పుడో వచ్చారు. ఇద్దరూ ఒకే జోకుకి నవ్వుతూ వచ్చారు. ఆ జోకు నాకు ఇంకా చెప్పలేదు.

చెయ్యి కొంచెం నయం. డాక్టరు వేళ్ళు ఆడించమన్నాడు. కార్ఖానాలో నా బల్ల ఇంకా ఎవరికీ ఇవ్వలేదట, కత్తిరింపు మేస్త్రీ కబురు పంపాడు.

అసలు సంగతికి వస్తాను. ఈ నెలలో నీ ఉత్తరాలు తనకి మూడు వచ్చాయి. నాకు ఒకటి. అందులో కూడా సగం "వదినకి చెప్పు, వదినని అడుగు". ఏం రాసిందో చదవవే అంటే, కాగితం గుండెకి ఆనించుకుని "ఇది నాకు రాసింది వదినా" అంటోంది. నా కవర్లన్నీ చింపిన మనిషి.

నాకు కుళ్ళుగా ఉంది. దానికి మీ మేడం ఏ పేరు పెట్టినా సరే.

వెంటనే జవాబు రాయి. పొడుగ్గా రాయి. కవరు మీద నా పేరు రాయి.

అక్క